ఎడమకి పసుపు, కుడికి కుంకుమ

ఈ సంగతి జరిగినప్పుడే ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే నా జవాబు చాలా చిన్నది. అప్పటికి నాకు రాయడం రాదు. చెప్పడం మాత్రం బాగా వచ్చు. అందుకే మా వీధిలో అందరూ ఈ కథ విన్నారు, కొందరు మళ్ళీ మళ్ళీ విన్నారు. నేను అరుగెక్కితే చాలు, "పిన్నిగారూ, పొయ్యి మీద పాలున్నాయండి" అంటూ లోపలికి పోయేవాళ్ళు కూడా తయారయ్యారు. కాగితం పొయ్యి మీద పాలు పెట్టదు కదా, అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

మాది నరసాపురం పక్కన. నా చిన్నప్పుడు మా పేటలో ఆడపిల్ల చేతికి పలక కన్నా ముందు లేసు సూది వచ్చేది. పలక వచ్చేసరికి సూది అలవాటైపోయేది, పలక తమ్ముడికి పోయేది. "చదివితే కళ్ళు పోతాయే" అనేది మా అమ్మ. పొద్దస్తమానం తెల్లదారం వంక చూస్తే పోవు కాబోలు. పెళ్ళయ్యాక అత్తారింట్లోనూ అదే లేసు. ఆ తర్వాత కార్ల బ్రేకులు. చేతులు ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉండేవి. వేళ్ళు నొప్పి పుట్టి పని మానేశాకే, మా వీధి చివర సాయంత్రం పూట పెద్దవాళ్ళకి చదువు చెప్పే టీచరమ్మ దగ్గర చేరాను. వాక్యాలు రాయడం వచ్చాక ఆవిడ, "మీ ఉద్యోగం గురించి రాయండి, పగలు నా దగ్గర చదివే కాలేజీ పిల్లలు చదువుతారు" అంది.

"నాకు ఉద్యోగమేంటండీ?" అన్నాను.

"అన్నేళ్ళు చేసింది మరేంటండీ?" అంది.

సరే, ఉద్యోగమే అనుకుందాం.

మీలో కార్లు నడిపే పిల్లలు చాలామంది ఉంటారు. బ్రేకు తొక్కితే కారు ఆగుతుందని మీకు తెలుసు. ఎందుకు ఆగుతుందంటే ఫోను తీస్తారు. ఫోను లోపల పెట్టండి, నేను చెప్తాను. ముందు చక్రం వెనక ఒక ఇనప పళ్ళెం చక్రంతో పాటు తిరుగుతూ ఉంటుంది. ఆ పళ్ళేన్ని రెండు పక్కలా పట్టుకునే పిడికిలి లాంటిదే క్యాలిపర్. మీరు పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ వచ్చి దాని లోపలున్న పిస్టన్‌ని తోస్తుంది. పిడికిలి బిగుస్తుంది, కారు ఆగుతుంది. అంతే.

మా వైపు కార్లకి ఆ పిడికిలి ఊరికే పట్టేస్తుంది. సముద్రం గాలి ఒకటి, రొయ్యల చెరువు గట్ల మీద ఉప్పు బురద ఇంకొకటి. చెరువుల వాళ్ళ కార్లు పైకి పెళ్ళికొడుకుల్లా ఉంటాయి, చక్రం విప్పితే ఎండుచేపల బుట్టే. కొత్త క్యాలిపర్ వేయడం అందరివల్లా కాదు. అందుకని పాతదాన్ని విప్పి, కడిగి, తుప్పు గోకి, పిస్టన్ నునుపు చేసి, కొత్త రబ్బర్లు వేసి మళ్ళీ బిగిస్తారు. ఆ కడగడం, గోకడం, రబ్బర్లు వేయడం మా పెరట్లో జరిగేది.

పాలకొల్లు రోడ్డు మలుపులో ఒక బ్రేకుల షెడ్డు ఉండేది. దాని యజమానిని అందరూ పెద్ద మేస్త్రి గారనేవాళ్ళు. వాళ్ళావిడ మా దగ్గర లేసు కుట్టించుకునేది. ఒకసారి అవి పట్టుకెళ్ళడానికి ఆయనే వచ్చి, అరుగు మీద కూర్చుని ఒకటే గొణుగుడు. "మా వాళ్ళు స్క్రూడ్రైవర్ పెట్టి రబ్బరు పీకుతున్నారండి. లోపల గీత పడితే ఆయిల్ కారిపోతుంది. ఎన్నని పారేయను?" ఆయన సంచిలో ఒక క్యాలిపర్ ఉంది. ఏదీ చూపించండన్నాను. లోపల గాడిలో రబ్బరు రింగు కూర్చుని ఉంది. నా ప్లాస్టిక్ లేసు సూది కొస వంకీ దాని కిందకి పోనిచ్చి, కుట్టు లాగినట్టు లాగాను. వచ్చేసింది.

ఆయన దాన్ని వెలుగులోకి తిప్పి చూసుకుని, "మీకు లేసు పని రోజూ ఉంటుందా అండి?" అన్నారు.

ఉండట్లేదు. మెషిన్ లేసు వచ్చాక మా సూదులకి సెలవులే సెలవులు. అలా మొదలైంది.

మొదట్లో వింతలు జరిగాయి. పట్టేసిన పిస్టన్‌ని బయటికి తీయాలంటే ఆయిల్ వెళ్ళే కంతలోంచి గాలి కొట్టాలి. ఎదురుగా చెక్కముక్క అడ్డం పెట్టాలని ఎవరూ చెప్పలేదు. నా మొదటి పిస్టన్ తూటాలా ఎగిరి మా అత్తగారి ఇత్తడి బిందెకి సొట్ట పెట్టింది. ఆవిడ తులసికోట దగ్గర నుంచే, "యుద్ధం మనకి దగ్గరకొచ్చిందా ఏంటి?" అన్నారు. తర్వాత నుంచి మేం గాలి కొడుతున్నామంటే ఆవిడ బిందెలన్నీ లోపల పెట్టుకుని మరీ తలుపేసుకునేవారు.

నాకు తోడు మా తోడికోడలు. మా మరిది భార్య, నన్ను అక్కా అని పిలుస్తుంది. శుభ్రం, భక్తి, రెండూ ఎక్కువే మనిషికి. లోపలి పని నాది, పిస్టను, రబ్బర్లూ. పైపని ఆవిడది. కిరసనాయిలు టబ్బులో వైరు బ్రష్షు పెట్టి తోమి, సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నల్లరంగు వేసేది. ముగ్గు వేసినంత శ్రద్ధగా వేసేది. "చక్రం లోపల ఎవరు చూస్తారే?" అంటే, "దేవుడు చూడడా అక్కా" అనేది.

ఇప్పుడు అసలు సంగతి. ప్రతి కారుకీ ముందు రెండు క్యాలిపర్లు, ఒకటి ఎడమది, ఒకటి కుడిది. చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. షెడ్డు వాళ్ళు కాగితం మీద ఏది ఏ పక్కదో రాసి కట్టేవాళ్ళు. ఆ కాగితం నాకు చదవడం రాదు, వచ్చినా కిరసనాయిల్లో, సబ్బునీళ్ళలో అది ఎలాగూ నాని చిరిగిపోయేది. అందుకని నేనూ, షెడ్డులో రెండో మెకానిక్కూ ఒక ఏర్పాటు చేసుకున్నాం. అతన్ని చిన్న మేస్త్రి అనేవాళ్ళం. మనిషి మంచివాడు, నవ్వుముఖం, పనిలో కొంచెం తొందర. పెళ్ళిచూపుల్లో కూడా కాఫీ చల్లారకముందే లేచొచ్చేస్తాడని అతని మీద మాట ఉండేది. అతను సామాను పట్టుకొచ్చినప్పుడే ఎడమదానికి పసుపుదారం, కుడిదానికి ఎర్రదారం కట్టి తెచ్చేవాడు. రంగు వేసేముందు దారాలు విప్పేశాక ఏది ఏదో నేనే కనిపెట్టుకునేదాన్ని. పనంతా అయి, రంగు ఆరాక, అతని బండి గుమ్మం ముందు ఆగే వేళకి నేను ఎడమదానికి ఇంత పసుపు, కుడిదానికి ఇంత కుంకుమ అద్ది ఇచ్చేదాన్ని. ఇద్దరికీ కాగితంతో పనిలేకుండా హాయిగా ఏళ్ళు గడిచాయి. ఆ పసుపూ కుంకుమా చూసి మా తోడికోడలు నా భక్తికి మురిసిపోతోందని నాకు తెలియదు.

ఆ ఏడు ఆయుధపూజ నాడు ఒక అద్దె కారు తాలూకు జత తయారుగా ఉంది. చిన్న మేస్త్రి పొద్దున్నే వచ్చి పట్టుకెళ్తానన్నాడు. నేను పాలకొల్లు గుడికి వెళ్దామనుకుని, ముందే గుర్తులు అద్ది, బుట్టలో పెట్టి బస్సెక్కాను. దర్శనం చేసుకుని తిరిగొచ్చేసరికి మా పెరడు పెళ్ళివారిల్లులా ఉంది. గాలిపంపుకి బంతిపూల దండ. టబ్బుకి బొట్టు. వైరు బ్రష్షుకి కూడా బొట్టు.

"చూడక్కా, ఎంత కళగా ఉందో!" అంది మా తోడికోడలు.

"బాగుందే. ఆ బుట్టలోవి ఏవి?"

"చిన్న మేస్త్రి పట్టుకెళ్ళాడు కదా. వాటికీ పూజ చేసే పంపాను. అయినా ఇవాళ కూడా అంత అరకొరగా పెట్టావేంటక్కా? ఒకదానికి పసుపే, ఇంకోదానికి కుంకుమే! తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, రెండింటికీ నిండుగా పసుపు రాసి, మధ్యలో కుంకుమ పెట్టి పంపాను. లక్ష్మీదేవుల్లా ఉన్నాయనుకో."

నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆవిడ కంగారుపడి పులిహోర గిన్నె పట్టుకొచ్చింది, నీరసమొచ్చిందనుకుని.

విషయం చెప్పి షెడ్డుకి పరిగెత్తాను. ఆవిడ నా వెనకే, చేతిలో గిన్నెతో సహా. షెడ్డు ముందు చిన్న మేస్త్రి గుమ్మడికాయ తిప్పి దిష్టి తీస్తున్నాడు. పెద్ద మేస్త్రి గారు పూజ చేయించి భోజనానికి ఇంటికి వెళ్ళారట.

"రండి రండి, ప్రసాదం తీసుకోండి" అన్నాడు.

"ఆ కారేదయ్యా?"

"పొద్దున్నే బిగించి ఇచ్చేశానండి. డ్రైవరు పాలకొల్లు షావుకారు గారి కుటుంబాన్ని ఎక్కించుకుని అంతర్వేది వెళ్తున్నాడు. ఈపాటికి రేవు దగ్గరుంటాడండి."

"ఏది ఎడమో ఏది కుడో నీకెలా తెలిసింది?"

గుమ్మడికాయ తిప్పడం ఆపేశాడు. "ఈసారి రెండింటికీ రెండూ ఉన్నాయండి. నాకూ అనుమానమొచ్చింది. పసుపు కాస్త ఎక్కువ రాసింది ఎడమదనుకున్నానండి."

"పెడల్ ఎలా ఉంది?"

"మెత్తగా ఉంది. రెండుసార్లు తొక్కితే గట్టిపడుతోంది. కొత్త రబ్బర్లు కదా, సర్దుకుంటుందిలే అన్నానండి."

క్యాలిపర్‌కి ఒక చిన్న మర ఉంటుంది, లోపలి గాలి బయటికి తీయడానికి. అది పైవైపు ఉండాలి. గాలి ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి ఆ మర విప్పితే గాలి అంతా పోయి ఆయిల్ మిగులుతుంది. ఎడమది కుడివైపు బిగిస్తే ఆ మర కిందకొస్తుంది. ఎంత తీసినా పైనున్న గాలి పైనే ఉంటుంది. అప్పుడు మీరు బ్రేకు తొక్కితే పిస్టన్ కదలదు, ఆ గాలి నొక్కుకుంటుంది, అంతే. దిండు తొక్కినట్టుంటుంది.

అలాంటి కారు మా డెల్టాలో కొంతదూరం పరువుగానే నడిచిపోతుంది. మా నేల అరచేతిలా చదును. గేరు తగ్గించుకుంటూ, రెండేసిసార్లు తొక్కుకుంటూ లాగించేయొచ్చు. పల్లం అంటూ ఉన్నది ఒకటే, గోదావరి రేవు. గట్టు మీద నుంచి నీళ్ళ దాకా సిమెంటు వాలు, దాని కొసన పంటు. కార్లూ మనుషులూ గేదెలూ అన్నీ ఆ పంటు మీదే అవతలి ఒడ్డుకి. వాలు దిగి పంటు మీద ఆగాలి. ఆగకపోతే ఆ చివర గొలుసొకటి ఉంటుంది, ఆ తర్వాత గోదావరే.

"ఫోను చెయ్యి" అన్నాను.

"చేస్తున్నానండి. ఎత్తట్లేదు. బండి నడిపేటప్పుడు ఫోను ఎత్తడండి, మంచి డ్రైవరండి."

"ఇవాళ్టికి చెడ్డ డ్రైవరైనా బాగుండేది! నీ బండి తియ్యి."

అతను బండి తీశాడు. వెనక నేనెక్కాను. నా వెనక మా తోడికోడలు ఎక్కబోయింది.

"నువ్వెందుకే?"

"పూజ చేసింది నేను కదక్కా."

అలా ముగ్గురం, ఒక పులిహోర గిన్నె, ఒక బ్రేక్ ఆయిల్ సీసా, స్పానర్ల సంచీ, ఒకే బండి మీద రేవుకి బయల్దేరాం. దారి పొడుగునా బంతిపూల దండలు వేసుకున్న లారీలు, అరటిపిలకలు కట్టుకున్న ట్రాక్టర్లు, టైర్ల కింద నిమ్మకాయలు. మధ్యలో నాకో అనుమానమొచ్చింది. "ఈ బండికి బ్రేకులున్నాయా?"

"ఉన్నాయండి." ఒక గుంత తప్పించి, "వెనకది ఉందండి" అన్నాడు.

రేవు గట్టు చేరేసరికి పంటు ఒడ్డుకి తగిలి ఉంది. దాని మనిషి ఈల వేస్తూ ఒక్కో బండినీ దింపుతున్నాడు. వరసలో ముందున్న ట్రాక్టరు దిగిపోయింది. దాని వెనకే తెల్లకారు, ముక్కుకి బంతిపూల దండ. అదే. కదులుతోంది.

కేకేస్తే ఈలలో కలిసిపోయింది. నేను బండి దిగి పరిగెత్తి, వాలు మొదలయ్యేచోట కారు ముందుకెళ్ళి రెండు చేతులూ అడ్డం పెట్టాను. ఇక్కడ నా తెలివి గురించి ఒక మాట చెప్పాలి. ఆ కారుకి బ్రేకులు లేవని ఆ రేవు మొత్తంలో అందరికన్నా బాగా తెలిసినదాన్ని నేను. పోయి దాని ముందే నిలబడ్డాను.

డ్రైవరు నన్ను చూసి తొక్కాడు. కారు ఆగలేదు. మెల్లగానే వస్తోంది, కానీ వస్తోంది. బంతిపూలు నా చీరకి తగిలాయి, తర్వాత మోకాళ్ళకి ఇనుము తగిలింది. ఒక అడుగు వెనక్కి వేశాను. ఇంకో అడుగు. అప్పుడు కర్రుమని చప్పుడు. చేతిబ్రేకు లాగాడు. కారు ఊగి ఆగింది.

"చావడానికి నా కారే దొరికిందా అమ్మా!" అని డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. అరిచినవాడు తలుపు తీసుకుని దిగొచ్చి, నా దగ్గరికొచ్చాక మాత్రం మెల్లగా అన్నాడు. "తొక్కానండి. కిందికంటా వెళ్ళిపోయింది."

వెనక సీటులోంచి షావుకారు గారి తల్లి, మామ్మ గారు, అద్దం దింపారు. పట్టుచీర, మెడలో కాసులపేరు. "ఎవరమ్మా నువ్వు, శుభమా అని బయల్దేరితే అడ్డం పడతావు?"

"ఈ కారు బ్రేకులు బాగుచేసినదాన్నండి."

"బాగుచేసినదానివైతే మరెందుకు ఆపుతున్నావు?"

"బాగానే చేశానండి, ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ పెట్టేశారండి" అన్నాను.

"నేను బొట్టు పెట్టానండి, అందుకని" అంది మా తోడికోడలు గిన్నె పట్టుకుని.

"బొట్టు పెడితే బ్రేకులు పోతాయా? పొద్దున మా బీరువాకీ పెట్టాం, ఏం కాలేదే!" అన్నారు మామ్మ గారు.

చుట్టూ జనం పోగయ్యారు. రేవులో జనానికి పంటు కదిలేదాకా వేరే పనుండదు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. చివరికి షావుకారు కుటుంబం దిగి, నడిచి పంటెక్కి, అవతల ఆటో మాట్లాడుకుందామనుకున్నారు. మామ్మ గారు వెళ్తూ వెళ్తూ మా తోడికోడలి చేతిలో పులిహోర ఇంత తీసుకుని నోట్లో వేసుకుని, "ఉప్పు తగ్గిందమ్మా" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "నీ చేతిపని మీద నీకే నమ్మకం లేకపోతే మేం ఎక్కేదెలా తల్లీ?" కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. పులిహోర సంగతి చెప్పినట్టే చెప్పారు.

నలుగురూ కలిసి కారుని గట్టు మీదకి వెనక్కి తోశారు. చిన్న మేస్త్రి చక్రాలు విప్పాడు. నేను వంగి చూశాను. మా తోడికోడలు వేసిన నల్లరంగు, నేను కూర్చోబెట్టిన రబ్బరు, ఆ పళ్ళేన్ని పట్టుకుని ఉన్నాయి. నా పని కారుకి బిగించి ఉండగా చూడడం అదే మొదటిసారి. కూతురికి పెళ్ళిచేసి పంపి, అత్తారింట్లో ఎలా ఉందో ఏళ్ళ తరబడి చూడనట్టే కదా ఇది, అనుకున్నాను. ఉండాల్సిన చోటే ఉంది పాపం, తలకిందులుగా. గాలి తీసే మర నేల వైపు చూస్తోంది.

"చూశావా?" అన్నాను చిన్న మేస్త్రిని.

"చూస్తున్నానండి. పొద్దున చూడాల్సింది" అన్నాడు.

విప్పి, అటుది ఇటు, ఇటుది అటు బిగించాడు. డ్రైవరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టడం, చిన్న మేస్త్రి మర విప్పి బిగించడం, నేను ఆయిల్ పోయడం. మొదట సోడా పొంగినట్టు బుడగలొచ్చాయి. తర్వాత తగ్గాయి, తర్వాత ఆయిలొక్కటే వచ్చింది. డ్రైవరు గట్టు మీద ముందుకీ వెనక్కీ నడిపి చూసుకున్నాడు. కారు ఎక్కడ ఆపితే అక్కడ ఆగింది.

"గట్టిగా ఉందండి పెడల్" అన్నాడు దిగి. "అయినా నేను రేవు దిగను."

సరిగ్గా అప్పుడే పెద్ద మేస్త్రి గారు వచ్చారు, భోజనం మీద నుంచి లేచి, కొత్తపంచెలో. ఎవరో ఫోను చేసి చెప్పారట. జరిగినదంతా విన్నారు. ఎవర్నీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"తప్పెవరిదని నేను అడగనమ్మా" అన్నారు నాతో. "బిగించేవాడు చూసుకోవాలి, మావాడు చూసుకోలేదు. కానీ రేవంతా చూసింది. ఈ కారు ఇక్కడి నుంచి వెనక్కి తిరిగి పోయిందనుకోండి, మీ ఇంట్లో చేసిన సామాను నా షెడ్డులో వేయించుకోవడానికి ఎవరూ రారు. అప్పుడు పని షెడ్డులోనే చేయించుకోవాలి. ఇంటికి పంపలేను."

ఆ మాటకి అర్థం మా ఇద్దరికీ తెలుసు. అంతమంది మగాళ్ళ మధ్య షెడ్డులో కూర్చుని పనిచేయడానికి మా ఇంట్లో ఒప్పుకోరు. లేసు ఎప్పుడో పోయింది. ఇదీ పోతే మళ్ళీ అరుగు మీద ఈగలు తోలుకోవడమే. మా తోడికోడలు గిన్నెలోకి చూస్తూ నిలబడింది, మెతుకులు లెక్కపెడుతున్నట్టు.

పెద్ద మేస్త్రి గారు డ్రైవరు వైపు తిరిగారు. "ఏమంటారండీ?"

డ్రైవరు గోదావరి వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. "ఈవిడ పక్కన కూర్చుంటే దిగుతానండి. రేపు పొద్దున్న, మొదటి పంటుకి."

"పక్కనంటే?"

"ముందు సీట్లోనండి. పోతే ఇద్దరం పోతాం."

"ఆవిడకి ఈత రాదండీ!" అంది మా తోడికోడలు.

"నాకూ రాదండి" అన్నాడు డ్రైవరు.

సరేనన్నాను. ఆలోచించి అనలేదు. మామ్మ గారి మాట ఇంకా చెవిలో ఉంది, అందుకని నోరు అనేసింది. సాయంత్రం ఇంట్లో చెప్తే మా అత్తగారు మొక్కులు మొదలుపెట్టారు. మా ఆయన అంతా విని, "కొత్త చెప్పులు వేసుకెళ్ళకు" అన్నారు. ఆయన ధైర్యం చెప్పే పద్ధతి అదే, ఇన్నేళ్ళుగా చూస్తున్నాను.

పిల్లలూ, మీకు నేను చెప్పేది పెద్దగా ఏం లేదు. తడిగుడ్డకి పోయేది గుర్తు కాదు, అలంకారం. ఆ తర్వాత మేం ఇనుము మీదే సుత్తితో చుక్క కొట్టేవాళ్ళం, ఎడమకి ఒకటి, కుడికి రెండు. మా తోడికోడలు వాటి మీద బొట్టు పెట్టుకున్నా నష్టం లేదు, పెట్టేది కూడా. అప్పట్నుంచి చిన్న మేస్త్రి మర పైకుందో లేదో చూడకుండా ఒక్క చక్రమూ బిగించలేదు. పెళ్ళిచూపుల్లో కాఫీ కూడా పూర్తిగా తాగడం మొదలుపెట్టాడు, పెళ్ళీ అయింది. కానీ ఇవన్నీ తర్వాత సంగతులు. ఆ మర్నాటి పొద్దున్న ఉండకపోతే ఇవేవీ ఉండేవి కావు.

మర్నాడు తెల్లారగానే స్నానం చేసి, పాత చెప్పులే వేసుకుని రేవుకి వెళ్ళాను. గోదావరి మీద పొగమంచు లేచి పోతోంది. గట్టు మీద పెద్ద మేస్త్రి గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు, పక్కనే చిన్న మేస్త్రి. డ్రైవరు నా కోసం ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. కారు ముందు సీట్లో కూర్చోవడం నాకు అదే మొదలు. అద్దంలోంచి నీళ్ళు చాలా దగ్గరగా కనిపిస్తాయని అప్పుడే తెలిసింది.

కారు కదిలింది. వాలులోకి ముక్కు వంచింది. డ్రైవరు ఒక చెయ్యి చేతిబ్రేకు మీదే ఉంచుకున్నాడు.

సగం దిగాక, "ఇక్కడ ఆపండి" అన్నాను.

"ఇక్కడా? కింద నీళ్ళండి!"

"నీళ్ళున్నాయనే ఆపమంటున్నాను."

నా ముఖం చూసి, కాలు నొక్కాడు. కారు ఆగింది.

"ఆ చెయ్యి తీసెయ్యండి."

చేతిబ్రేకు మీద నుంచి చెయ్యి తీశాడు. కారు కదల్లేదు. కింద పంటు మనిషి ఈల మీద ఈల వేస్తున్నాడు, వెనక ఎవరో హారన్ కొడుతున్నారు. నేను తలుపు తీసుకుని దిగాను. సిమెంటు తడిగా ఉంది, జారకుండా చూసుకుంటూ కారు ముందుకెళ్ళి, దానికి వీపు పెట్టి నిలబడ్డాను. ఎదురుగా గోదావరి, అవతలి ఒడ్డున కొబ్బరిచెట్లు. అలాగే కాసేపు చూశాను. వెనక్కి తిరగలేదు.

తర్వాత చెయ్యెత్తి, రండి అని ఊపి, కారు ముందు నడుచుకుంటూ పంటు మీదికి వెళ్ళాను.